కంకిపూల తల్లి కోత మొక్కు

ఎర్రదొన గుట్ట మీది కంకిపూల తల్లి గుడికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఒక రాతి గది, దాని చుట్టూ మోకాలెత్తు నీలిపూల పొదలు, అంతే. నర్సరీల వారు సాల్వియా అని పిలిచే ఈ మొక్కను ఇక్కడివారు కంకిపువ్వు అంటారు. తల్లికి మరో పువ్వు పెట్టరు.

పూర్వం ఇక్కడ ఒకే ఒక్క పొద ఉండేది. గుడి ఊడ్చి పూలు కట్టే ఓబులమ్మకు చెంగమ్మ అని ఒక్కతే కూతురు. కొండమీది దొరల తోటకు కూలికి పోయి, ఆ మొక్కను తెచ్చి నాటింది ఆ పిల్లే. మరుసటి ఏడు విషజ్వరంతో కన్నుమూసింది. అప్పటి నుంచి ఓబులమ్మకు ఆ పొదే బిడ్డ. రాలిన పూలు ఏరి తల్లికి పెట్టేదే గానీ, ఒక్క కొమ్మ తుంచనిచ్చేది కాదు. కూతురి పేరు కూడా ఎవరినీ ఎత్తనిచ్చేది కాదు, తానూ ఎత్తేది కాదు.

మూడేళ్ళకు కొమ్మలు కట్టెల్లా ముదిరి, పొద నడిమికి విచ్చుకుపోయింది. పూత నిలిచిపోయింది. ఓబులమ్మ ప్రాణం విలవిలలాడింది. బిందెల కొద్దీ నీళ్ళు పోస్తే ఆకులు ఇంకా పండబారాయి. దారి చూపమని తల్లిని వేడుకుంటూ తొమ్మిది రోజులు ఉపవాసం ఉంది. ఇతర క్షేత్రాల్లో దేవతలు కలలోకి వచ్చి ఆనతి ఇస్తారని వింటాం. ఈ తల్లి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

పదో రోజు బీరప్ప అనే గొర్రెలకాపరి గుడి నీడకు ఆగి పొదను చూశాడు.

“కొడవలి పెట్టక్కా. జానెడు ఉంచి కోసెయ్.”

“నా బిడ్డ నాటిన చెట్టురా! నీ నోట్లో మన్ను పడ!”

బీరప్ప నొచ్చుకోలేదు. “ముద్దుగా ఉందని గొర్రెకు బొచ్చు కత్తిరించకుండా ఉంటామా? వంగి చూడక్కా, మొదలు కాడ పిలకలుండాయి. వాటికి ఎండ తగలనీకుండా చేసింది నువ్వే.”

ఓబులమ్మ వంగి చూసింది. ఎండుపుల్లల కింద గోరంతేసి పిలకలు పాలిపోయి ఉన్నాయి. ఆమె కొడవలి అందుకుంది. మొదటి కోతకే, మూడేళ్ళుగా పలకని పేరు నోట వచ్చింది. “చెంగమ్మా!” అంటూ ఒక్కో కొమ్మా కోసింది, కడుపారా ఏడ్చింది.

దేవర చెట్టును నరికిందని ఊరంతా దుమ్మెత్తిపోసింది, ఆమెను గుడి గడప తొక్కనివ్వలేదు. రెండు నెలలు తిరిగేసరికి పొద గుబురుగా లేచి కంకులు వేసింది. అప్పుడు తిట్టిన నోళ్ళే మొక్క అడిగాయి. ఓబులమ్మ పొదను తవ్వి, వేళ్ళతో సహా చీల్చి, ఇంటికో పిలక ఇచ్చి, మిగిలినవి గుడి చుట్టూ నాటింది.

నేటికీ వానలు తగ్గిన తర్వాత వచ్చే తొలి ఆదివారం ఇక్కడ కోత మొక్కు జరుగుతుంది. భక్తులు తాము పోగొట్టుకున్న మనిషి పేరు పైకి పలికి ఒక కొమ్మ కోస్తారు, వేరున్న పిలకను ఇంటికి తీసుకుపోతారు. దానిని ఎండ తగిలే చోట, నీరు నిలవని నేలలో నాటాలి. పేరు పలకలేక, కొడవలి పట్టుకుని నిలబడిపోయేవారు ఏటా కొందరుంటారు. వారిని ఎవరూ తొందరపెట్టరు, వెనక వరుస అంతా ఆగుతుంది. తల్లి వెలసింది వారి కోసమేనని మా నమ్మకం.