చివరి కొండ నగారా

ఆ రాజ్యంలో కబుర్లు గుర్రమెక్కేవి కావు, కొండ నుంచి కొండకు నగారా దరువుల మీదే వెళ్ళేవి. సింగన మంత్రి రెట్టింపు వేగంగా కబురు చేరవేసే కొత్త దరువు కనిపెట్టి, కొండకొండకూ నేర్పించాడు. సరిహద్దులో చివరి కొండ మీదున్న బాలంకయ్యను మాత్రం, ముసలాడి బుర్రకు ఎక్కదని వదిలేశాడు. "నీ కొలువు పోయింది, దిగిపో" అని కొత్త దరువులోనే కబురంపాడు.

పది రోజులైనా బాలంకయ్య దిగలేదు. మంత్రి రాజుగారిని వెంటబెట్టుకుని, రొప్పుతూ కొండెక్కాడు.

"కబురు వినలేదా?"

"విన్నానయ్యా. చప్పుడు బాగుంది, సంగతే తెలియలేదు."

"నీ కొలువు పోయిందని!"

బాలంకయ్య మంత్రికి మంచినీళ్ళందించాడు. "పాత దరువులో కొట్టిస్తే ఆ రోజే దిగేవాణ్ణి. రేపు యుద్ధానికి సిద్ధం కమ్మన్న కబురు కూడా తమరే నడిచొచ్చి చెబుతారా?"

రాజుగారు నవ్వి కొండ దిగారు. మర్నాడు కోట నగారా పాత దరువులో మోగింది: "కొలువులోనే ఉండు."