వడగళ్ళ ఏటి వైన్

బ్రదర్ లూసియన్‌కి ప్రార్థనలో మనసు నిలవడం లేదు. కళ్ళు మూసుకుంటే దేవుడికి బదులు ఒక సీసా కనిపిస్తోంది.

ఆ సీసా మఠం నేలమాళిగలో ఉంది. ఫ్రాన్సు కొండల్లోని ఆ మఠంలో సన్యాసులు తరతరాలుగా ద్రాక్ష పండించి ఎర్ర వైన్ చేస్తున్నారు. చాలా కాలం కిందట ఒక ఏడు, కోతలకి ముందు వడగళ్ళు పడి తోట ముప్పాతిక నేలపాలైంది. మిగిలిన కాసిని గుత్తులతో చేసిన వైన్ మాత్రం ఎన్నడూ లేనంత గొప్పగా కుదిరిందని పేరొచ్చింది. తర్వాత తెగులు సోకి ఆ తీగలనే పీకేశారు. ఇక అలాంటిది మళ్ళీ పుట్టదు. లోకంలో ఎక్కడెక్కడో కొద్ది సీసాలున్నాయి. మఠానికి మిగిలింది ఒక్కటే.

నేలమాళిగ చూసుకునే పని లూసియన్‌ది. సీసా మీద వెలుతురు పడకుండా గుడ్డ కప్పాడు. తోటివాళ్ళెవరైనా ఆ అర వైపు నడిస్తే తనూ వెనకే నడిచేవాడు. చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడని వాళ్ళు నవ్వుకునేవారు.

ఇంతలో బెల్జియం నుంచి హెండ్రిక్ అనే పెద్దమనిషి ఫోన్ చేశాడు. అరుదైన వైన్లు సేకరించడం ఆయన వ్యాపకం, వ్యాపారం కూడా. ఆ సీసా కావాలన్నాడు. ఎంతకైనా సరే అన్నాడు.

లూసియన్ మఠాధిపతి ఫాదర్ ఒనోరే దగ్గరికి వెళ్ళాడు. ఫాదర్ పెరట్లో బెంచీ మీద కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తున్నారు.

"అమ్మాలంటే చేతులు రావడం లేదు ఫాదర్. ఉంచుకుంటే మనశ్శాంతి లేదు. ఏం చెయ్యమంటారు?"

"ఆయన్ని భోజనానికి పిలువు," అన్నారు ఫాదర్.

హెండ్రిక్ వచ్చాడు. నెరిసిన జుట్టు, మెత్తని మాట. పప్పు సూపు, రొట్టె, మేక చీజ్ పెడితే వద్దనకుండా తిన్నాడు. అదే ఏటి సీసాలు తన దగ్గర ఆరు ఉన్నాయనీ, ఎండా చలీ తగలని గదిలో బ్యాంకు లాకర్లో పెట్టినట్టు భద్రంగా పెట్టాననీ చెప్పాడు.

లూసియన్ కళ్ళు మెరిశాయి. "రుచి ఎలా ఉంటుందండీ?"

హెండ్రిక్ కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "నేను తాగలేదు. తెరవని సీసా అయితే అందరికీ కావాలి. ఎక్కడో ఒకరు ఒకటి తాగేసినప్పుడల్లా మిగిలినవాటి విలువ పెరుగుతుంది. అందుకని ఆ తాగేవాడు ఇంకొకడైతే బాగుండునని మా అందరికీ ఉంటుంది. మరి మీరు?"

"ఛ, ఛ. నేనెలా తాగుతాను," అన్నాడు లూసియన్.

ఫాదర్ ఒనోరే బల్ల పట్టుకుని మెల్లిగా లేచారు. ఆయన ఎక్కడికి వెళ్తున్నారో లూసియన్‌కి అర్థం కాలేదు. కాసేపటికి మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. చేతిలో సీసా. గుడ్డ లేదు.

"ఫాదర్..." లూసియన్ లేచి నిలబడ్డాడు.

"మంచి గ్లాసులు ఎక్కడున్నాయో నాకు తెలీదు. ఇవి చాల్లే," అంటూ ఆయన నీళ్ళ గ్లాసులు దగ్గరికి లాక్కున్నారు. బిరడా సగంలో విరిగింది. చాకు మొనతో మిగతాది పెకలించి, పల్చని బట్టలోంచి మడ్డి రాకుండా ముగ్గురికీ పోశారు.

హెండ్రిక్ తన గ్లాసు వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఫాదర్ తాగడం చూసి తనూ తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"తాగు నాయనా," అన్నారు ఫాదర్.

"ఇలా కాదు ఫాదర్. ఒక్కణ్ణే కూర్చుని, మనసు పెట్టి తాగుతాను."

ఫాదర్ తలాడించారు. లూసియన్ గ్లాసు మీద చిన్న పళ్ళెం మూత పెట్టి, తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. కొవ్వొత్తి వెలిగించాడు. రంగు చూశాడు. ఇటుక ఎరుపు. వాసన చూశాడు, వదల్లేక మళ్ళీ చూశాడు. ఇప్పుడే కాదు అనుకున్నాడు. గుండె ఇంకా దడదడలాడుతోంది, కాస్త కుదుటపడనీ.

పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఏ మాటో తెలియడం లేదు. హెండ్రిక్ గొంతు ఆగి ఆగి ఏదో చెబుతోంది. తర్వాత ఇద్దరూ నవ్వారు. చాలాసేపు నవ్వారు. ఫాదర్ అలా నవ్వడం లూసియన్ ఎప్పుడూ వినలేదు. ఒక కాలు మెట్టు మీద వేశాడు. గ్లాసు గుర్తొచ్చి వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

ప్రార్థన గంట మోగింది. వచ్చాక తాగుదామని పళ్ళెం మూతపెట్టి వెళ్ళాడు.

తిరిగొచ్చి గ్లాసు ఎత్తేసరికి ఇందాకటి వాసన లేదు. నోట్లో పోసుకున్నాడు. పలచగా, పుల్లగా ఉంది. మళ్ళీ తాగి చూశాడు. అంతే.

గ్లాసు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. హెండ్రిక్ వెళ్ళిపోయాడు. బెంచీ మీద ఫాదర్ ఒక్కరే ఉన్నారు.

"పోయింది ఫాదర్."

ఆయన గ్లాసు అందుకుని ఒక చుక్క నాలిక మీద వేసుకున్నారు. "అవును. ముసలిది కదా, గాలి తగిలాక ఎక్కువసేపు కూర్చోలేదు," అన్నారు ప్రేమగా.

లూసియన్ తల దించుకున్నాడు. "ఎలా ఉంది ఫాదర్, మీరు తాగినప్పుడు?"

ఫాదర్ ఆలోచించారు. "హెండ్రిక్‌గారు వాళ్ళమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాటల్లో ఎప్పుడు అయిపోయిందో తెలీలేదు నాయనా."

"ఏం చెప్పారు?"

ఫాదర్ ఒనోరే బెంచీ మీద కొంచెం పక్కకి జరిగారు.

"కూర్చో, చెప్తాను."

లూసియన్ గ్లాసు గడ్డిలో పెట్టి కూర్చున్నాడు.