ఊటమ్మ బండ మీద మంత్రసాని

కొర్రబాడు గ్రామానికి పడమరగా రెండు మైళ్ల దూరంలో, నాపరాతి గనులు దాటిన తర్వాత, ఏటవాలుగా ఒరిగిన ఒక పెద్ద నల్లబండ కనిపిస్తుంది. దానినే ఊటమ్మ బండ అంటారు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, అమ్మవారికి విగ్రహం కూడా లేదు. బండ అడుగున అరచేతి వెడల్పు గుంట ఒకటి ఉంది. రాతి నెర్రెలోంచి దిగే నీరు అందులో నిండుతూ ఉంటుంది. రోహిణి కార్తెలో కూడా ఆ గుంట ఎండిపోగా చూసినవారు లేరు. ఆ తడి రాతికే పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండలతో పూజ చేస్తారు.

మంగళవారాల్లో ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది మూత్రపిండాల్లో రాళ్లతో బాధపడేవారే. గని కూలీలు వస్తారు, లారీ డ్రైవర్లు వస్తారు, బడి వదిలేదాకా దాహం ఆపుకునే పంతులమ్మలూ వస్తారు. కొందరు స్కానింగ్ కాగితాలు తెచ్చి అమ్మవారి ముందు ఉంచుతారు. బండకు ఈ పేరు, పూజకు ఈ పద్ధతి ఎలా వచ్చాయో పెద్దలు చెప్పిన మేరకు ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం కొర్రబాడులో బావి పడేది కాదు. ఎక్కడ తవ్వినా నాలుగడుగుల్లో రాయి తగిలేది. ఆడవాళ్లు వంక దాకా నడిచి, చెలమ తోడి, బిందెలతో నీళ్లు తెచ్చేవారు. తెచ్చిన నీళ్లు ముందు మగవాళ్లకు, పశువులకు, పిల్లలకు. ఆడవాళ్లు మిగిలిన కాసిని తాగేవారు. తాగితే మళ్లీ చాటుకు వెళ్లాలి, చాటు కావాలంటే పొద్దు గూకాలి. అందువల్ల దాహం వేసినా ఓర్చుకోవడమే వారికి అలవాటైంది.

ఆ ఊరిలో సుంకులమ్మ అనే మంత్రసాని ఉండేది. చుట్టుపక్కల ఏడు పల్లెల్లో పురుళ్లన్నీ ఆమె చేతి మీదనే జరిగేవి. కాన్పు గదిలోకి వెళ్తే బిడ్డ నేలపడేదాకా ఆమె గుక్కెడు నీళ్లు ముట్టేది కాదు. నొప్పులు పడుతున్న ఆడమనిషి పక్కన కూర్చుని, "ఊపిరి పట్టొద్దమ్మా, వదులు, వదులు" అని ఒకే మాట చెబుతూ ఉండేది. ఆ మాట వినని తల్లి ఆ ప్రాంతంలో లేదు. ఆమె భర్త చాలా ఏళ్ల కిందటే పోయాడు. కొడుకు గొర్రెల వెంట దేశం మీద తిరిగేవాడు. ఇంట్లో తోడు ఉండేది కోడలు ఈరమ్మ ఒక్కతే.

ఒక ఎండాకాలంలో సుంకులమ్మ ముంగిట్లో కొర్రలు చెరుగుతూ ఉండగా, ఎడమవైపు నడుములో ఎవరో కొడవలి దించినట్లు నొప్పి లేచింది. అక్కడినుంచి గజ్జల్లోకి దిగింది. చేట జారి కొర్రలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆమెకు కూర్చుంటే నిలవబుద్ధి, నిలిస్తే పొర్లబుద్ధి అయింది. తిన్నదంతా కక్కుకుంది. ఈరమ్మ ఉలవకట్టు కాచి ఇచ్చింది. వైద్యుడు కొండపిండి ఆకు నూరి తాగించాడు. మంత్రగాడు గాలి సోకిందన్నాడు. నొప్పి కాసేపు తగ్గేది, మళ్లీ లేచేది. మూడు వందలమందికి పురుడు పోసిన మనిషి తన అరుపు ఎవరూ వినకూడదని కొంగు నోట్లో కుక్కుకుని తలుపు గడియ పెట్టుకుంది. ఆమె చేతిమీద బిడ్డల్ని కన్న ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి పిలిచినా, "పోండమ్మా, నన్ను చూడొద్దు" అని పంపేసింది.

నాలుగో నాడు మధ్యాహ్నం ఆమెకు సొమ్మసిల్లినట్లు కునుకు పట్టింది. ఆ కునుకులో ఒక ముసలమ్మ తల దగ్గర కూర్చుని కనిపించింది. ఆమె చీర అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నీళ్లు అడిగేదానికి సిగ్గేందే నీకు?" అని ఆ ముసలమ్మ కోప్పడింది. "పడమటి నల్లబండ కిందికి రా. దప్పికైనాక కాదు, కాకముందే తాగు. అది పోతాది."

సుంకులమ్మ లేచి కల సంగతి కోడలికి చెప్పింది. ఈరమ్మ ఆమెను భుజం మీద ఆనించుకుని, అడుగులో అడుగు వేయిస్తూ బండ దగ్గరికి తీసుకువెళ్లింది. బండ కింద కందిరీగలు ముసిరిన చోట నాచు పట్టి ఉంది. ఈరమ్మ పుల్లతో నాచు గీకగా తడి తేలింది. మట్టి తీయగా గుంట బయటపడింది. గుంట నిండడానికి చాలా సేపు పట్టేది. నిండినప్పుడల్లా ముంతలోకి వంపి అత్తకు తాగించింది. అక్కడే ఆ పగలూ, మరునాడు పగలూ గడిపారు. రెండో నాటి సాయంత్రం ఉలవగింజంత రాయి ఒకటి మూత్రంలో జారిపోయింది. నొప్పి తీసివేసినట్లు పోయింది. ఊటలో వెలసిన తల్లి గనుక ఆమెను ఊటమ్మ అని ఆ అత్తాకోడళ్లే మొదట పిలిచారు.

అయితే ఈ క్షేత్రం కథ ఇక్కడితో ముగియలేదు.

నొప్పి పోయింది కాని భయం పోలేదు. సుంకులమ్మ ఆ రాయిని గుడ్డపేలికలో కట్టి దాచుకుని, రోజుకు పదిసార్లు విప్పి చూసుకునేది. నడుము కాస్త పట్టేసినా చెమటలు పోసేవి. పురుళ్లకు వెళ్లడం మానేసింది. "బిడ్డ తల కనబడేటప్పుడు నాకు నొప్పి లేస్తే ఎట్ల? నా చేతుల్లో బిడ్డ ఏమైతాది?" అనేది. రెండు ఇళ్లనుంచి పిలుపు వస్తే పోలేదు. ఒక ఇంట్లో కాన్పు సుఖంగానే జరిగింది. రెండో ఇంట్లో బిడ్డ దక్కలేదు. సుంకులమ్మ వెళ్లి ఉంటే దక్కేదో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఆమెను ఎవరూ నిలదీయనూ లేదు. ఆ తర్వాత ఆమె అన్నం సగానికి తగ్గిపోయింది.

ప్రతి ఉదయం బండ దగ్గరికి వెళ్లి, నీళ్లు తాగి, "ఇంక రాదని మాటియ్యి తల్లీ" అని అడిగేది. ఏడు నెలలు అడిగింది. ఊటమ్మ కలలోకి రాలేదు, మాట ఇవ్వలేదు.

ఒకనాడు పొద్దెక్కే వేళకు వంక అవతలి పల్లె నుంచి మద్దిలేటి అనే రైతు పరుగున వచ్చాడు. అతని భార్య బాలెమ్మ ముందురోజు నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ కాళ్లు ముందుకు వచ్చాయి.

"అవ్వా, నువ్వు రాకపోతే ఇద్దరూ పోతారు" అని అతడు గడప మీద కూలబడ్డాడు.

"నా వల్ల కాదు నాయనా. నడి మధ్యలో నాకే లేస్తే?" అంది సుంకులమ్మ.

అప్పుడు ఎప్పుడూ ఎదురు మాట్లాడని ఈరమ్మ ముంత చేతికి తీసుకుంది. "లేస్తే లేస్తాది అత్తా. నేను నీ నడుం పట్టుకుంటా, నువ్వు ఆయమ్మను పట్టుకో. పద" అంది.

సుంకులమ్మ లేచి నడిచింది.

భయపడినట్లే జరిగింది. బిడ్డ కాళ్లు సర్దుతూ ఉండగా ఆమెకు కుడివైపు నొప్పి లేచింది. పక్కకు తిరిగి కక్కుకుంది. ఈరమ్మ వెనుకనుంచి అరచేయి నడుముకు ఆనించి గట్టిగా నొక్కిపట్టి, రెండో చేత్తో ముంత నోటికి అందించింది. సుంకులమ్మ తాగింది. బాలెమ్మ ఆ బాధలోనూ తల ఎత్తి, "అవ్వా, నీకేమైంది?" అని అడిగింది.

"నీ మాదిరిదే ఒకటి. నీది ముందు కానీ" అంది సుంకులమ్మ. ఆ గదిలో ఉన్న ఆడవాళ్లు నవ్వారని చెబుతారు. ఆ తర్వాత ఆమె, "ఊపిరి పట్టొద్దమ్మా, వదులు" అంటూ, తాను కూడా అలాగే ఊపిరి వదులుతూ, చేతులు మాత్రం తప్పకుండా పని చేసింది. మధ్యాహ్నం దాటేసరికి ఆడబిడ్డ పుట్టింది. మొదట ఏడవలేదు. వీపు రుద్దగా ఏడ్చింది. తల్లీబిడ్డా క్షేమం.

సుంకులమ్మ ఆ ఇంట్లోనే మంచం పట్టింది. ఈసారి తలుపు గడియ వేయలేదు. బాలింత ఒక మంచం మీద, మంత్రసాని ఒక మంచం మీద. ఊరి ఆడవాళ్లు వంతులవారీగా ఇద్దరికీ నీళ్లు పట్టారు. మూడో నాడు రాయి పడిపోయింది.

తిరిగివచ్చిన సుంకులమ్మ నేరుగా బండ దగ్గరికి వెళ్లి, "ఇన్ని నెలలు మొక్కితే మళ్లీ పంపించినావు గదా" అని తిట్టి, అలసటతో అక్కడే ఒరిగింది. అప్పుడు తడి చీర ముసలమ్మ కలలో కనిపించింది.

"రాదని నేనెప్పుడు చెప్పినా? పోతాదని చెప్పినా. పోయిందా లేదా?"

"పోయింది" అని సుంకులమ్మ ఒప్పుకుంది.

"ఇంకోసారి వస్తే?" అని మళ్లీ ఆమే అడిగింది.

"ఇంకోసారి పోతాది. నీళ్లు మానుకోకు. ఒక్కదానివే తలుపేసుకుని పడుకోకు" అని చెప్పి అమ్మవారు అదృశ్యమైంది.

సుంకులమ్మ పేలికలోని రాయిని వంకలో పారేసింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. నొప్పి మరొక్కసారి వచ్చిందని కొందరు, రెండుసార్లు వచ్చిందని కొందరు అంటారు. పిలుపు వచ్చిన ఏ ఇంటికీ ఆమె వెళ్లకుండా ఉండలేదు. బాలెమ్మ కూతురికి ఊటమ్మ అనే పేరు పెట్టారు. ఆమె పెరిగి ఈ బండకు తొలి పూజారిణి అయింది. నేటికీ ఆ వంశపు ఆడవారే పూజ చేస్తున్నారు.

ఈ కారణంగానే ఇక్కడ ఎవరూ ఒంటరిగా పూజ చేయించుకోరు. భక్తుడు తూర్పుముఖంగా కూర్చుని ముంత నీళ్లు నెమ్మదిగా తాగుతాడు. తాగడం అయ్యేదాకా ఒకరు అతని నడుము మీద అరచేయి ఆనించి కూర్చుంటారు. ఒంటరిగా వచ్చినవారికి అక్కడున్నవారిలో ఒకరు తోడు కూర్చుంటారు. అందులో కులం, వరుస చూడరు. సంకల్పంలో "మళ్లీ రాకూడదు" అనే మాట ఉండదు. "వచ్చినది పోవాలి, ఉన్నవారు తోడుండాలి" అని పూజారిణి చెప్పిస్తుంది. ఇంటికి వెళ్లినవారు దాహం వేయకముందే నీళ్లు తాగే నియమాన్ని పాటించాలి. చలిజ్వరం వచ్చినవారు, మూత్రం ఆగిపోయినవారు ముందు ఆసుపత్రికి వెళ్లాలని, తర్వాత వచ్చినా అమ్మవారు ఏమీ అనుకోదని దారి మొదట్లో బోర్డు రాయించాము.

పోయిన మాఘమాసంలో ఒక బస్సు కండక్టరు ఇక్కడికి నాలుగోసారి వచ్చాడు. రాయి మళ్లీ వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుపడి వరుసలో చివర నిలబడ్డాడు. పూజారిణి అతన్ని ముందుకు పిలిచి, మొదటిసారి వచ్చి భయంతో వణుకుతున్న ఒక యువతి వెనుక కూర్చోబెట్టింది.

"మూడుసార్లు రాయిని పోగొట్టుకున్న చెయ్యి నీది. ఆయమ్మ నడుం మీద పెట్టు నాయనా" అంది.