అన్నీ కలిపే

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రంలో ఒక తాబేలు. దాని వీపు మీద చిన్న ఊరు పట్టేంత చోటుండేది. చలికాలం వెళ్ళగానే అది ఒడ్డుకొచ్చి తల వాల్చి పడుకునేది. అడవిలోని జంతువులూ పిట్టలూ చేరి దాని డిప్ప మీద పేరుకున్న నాచునంతా గీకేవి. గీకినవాళ్ళందరినీ వీపు మీద ఎక్కించుకుని, దీవులన్నీ చూపించి, మళ్ళీ ఒడ్డున దింపేది. ఎంత మెల్లగా ఈదేదంటే, పైనున్నవాళ్ళకు తాము కదులుతున్నట్టే ఉండేది కాదు. దీవులే నిద్రలో నడుచుకుంటూ తమ దగ్గరికి వస్తున్నట్టుండేది.

ఆ యేడు చారలమ్మ అనే ఉడుత తన కూతురు బుడమను తీసుకుని మొదటిసారి తాబేలెక్కింది.

అంతకుముందే గాలివానకు వాళ్ళ గూడున్న చెట్టు కూలిపోయింది. ఇద్దరూ బతికారు. కానీ ఆ రోజు నుంచి బుడమ నవ్వలేదు. చారలమ్మకు మాట తగ్గిపోయింది. ఎవరైనా పలకరిస్తే తల ఊపేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. సముద్రం చూస్తే పిల్ల తేరుకుంటుందేమోనన్న ఒక్క ఆశతో, గోళ్ళరిగేలా నాచు గీకింది.

ఎక్కేచోట ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి, వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతోంది.

"రండమ్మా, రండి. తిండీ నీళ్ళూ అన్నీ కలిపే. మొహమాటపడకండి."

చారలమ్మ గతుక్కుమంది. అన్నీ కలిపేనా? ఆమెకు గింజలూ పళ్ళూ తప్ప ఏవీ పడవు. చేప వాసన తగిలితేనే దూరం జరుగుతుంది. సరే, తిండి కలిపేశారే అనుకుందాం. నీళ్ళు దేనితో కలుపుతారు? చుట్టూ చూసింది. ఎటు చూసినా ఉప్పునీళ్ళే.

అడుగుదామనుకుంది. వెనకనుంచి కుందేళ్ళు తోసుకొస్తున్నాయి. తల ఊపి ముందుకు నడిచింది.

తాబేలు కదిలింది. ఒడ్డు పలచబడి, పొగలా మారి, మాయమైంది. మధ్యాహ్నం తోక దగ్గర శంఖం ఊదారు. అందరూ భోజనానికి బిలబిలమని లేచారు. చారలమ్మ మాత్రం పిల్లను ఒక మూలకు తీసుకెళ్ళి, ఇంటినుంచి తెచ్చిన పల్లీల మూట విప్పింది. చిన్న సొరబుర్రలో ఏటినీళ్ళున్నాయి. పిల్లకో గుక్క పట్టి, తానో గుక్క తాగింది.

పక్కన ఒక గోరింక ఉంది. ఈ తాబేలు మీద తిరగడం దానికి కొత్త కాదు. కొత్త కాదని అడగనివాళ్ళకు కూడా చెప్పేది.

"ఏం వదినా, భోజనానికి లేవవా?"

"శనివారం. ఒక్కపొద్దు," అంది చారలమ్మ.

మర్నాడు మళ్ళీ శంఖం ఊదారు. ఈసారి బుడమ తల్లి తోక పట్టుకుని లాగింది. ఊరికే చూసొద్దామని చారలమ్మ వెళ్ళింది. తాటాకు తడిక సందులోంచి తొంగి చూసింది. ఎదురుగా ఒక గూడబాతు భోంచేస్తోంది. దాని గొంతుసంచిలో చేపలూ నీళ్ళూ కలిసి గలగలలాడుతున్నాయి. ఆ పక్కకు ఏముందో చారలమ్మ చూడలేదు. అనుకున్నంతా అయిందని వెనక్కి తిరిగింది.

"ఇవాళ కూడా శనివారమేనా వదినా?" అంది గోరింక. "మా వైపు వారానికి ఒకటే వస్తుంది."

తర్వాత అది తన గొప్పలు మొదలుపెట్టింది. తాబేలు మెడ దగ్గర తేనెనీళ్ళు ఇస్తారట. ఒక పాట పాడితే ఒక దొప్పెడు. నిన్న తాను పాడితే ఇచ్చారట. రెండో పాట అందుకోబోతే, వద్దు తల్లీ, ఊరికే తాగు అన్నారట.

చారలమ్మకు నవ్వు రాలేదు. కలపని నీళ్ళు కావాలంటే పాడాలన్నమాట, అనుకుంది. ఒకప్పుడు ఆమె పాడేది. గాలికి గూడు ఊగుతుంటే, పిల్ల భయపడకుండా పాడేది. ఇప్పుడు గొంతులో ఆ పాట ఎక్కడుందో తెలియదు.

మూడోరోజుకు మూట ఖాళీ అయింది. సొరబుర్ర వంచితే చుక్క రాలేదు.

సముద్రం ఆ మధ్యాహ్నం అద్దంలా ఉంది. మబ్బులు నీళ్ళలో ఈదుతున్నాయో, చేపలు ఆకాశంలో ఎగురుతున్నాయో తెలియనట్టుంది. చారలమ్మకు ఒక్క క్షణం కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి బుడమ డిప్ప అంచున బోర్లా పడుకుని, నాలుక చాచి సముద్రాన్ని నాకుతోంది.

"ఇన్ని నీళ్ళున్నాయి కదమ్మా," అంది.

చారలమ్మ వెనక్కి లాగేలోపే పిల్ల వాంతి చేసుకుంది. తర్వాత తల్లి ఒళ్ళో మెత్తగా వాలిపోయింది. ముక్కు కొస ఎండి, వేడిగా ఉంది. మూడోసారి శంఖం ఊదారు. పిలిస్తే పిల్ల కళ్ళు తెరవలేదు.

చెట్టు కూలిననాడు చారలమ్మ ఈ పిల్లనే నోట కరుచుకుని దూకింది. అప్పుడు ఎవరితోనూ మాట్లాడాల్సిన పని పడలేదు. దూకితే సరిపోయింది. ఇప్పుడు దూకడానికి చోటే లేదు. నోరు తెరవాలి.

పిల్లను ఎత్తుకుని కొంగ దగ్గరికి పరుగెత్తింది. ఎదురుగా నిలబడ్డాక మాట రాలేదు. పెదవులు కదిలాయి. కొంగ మెడ వంచి, ఆమె మాట కోసం ఆగింది.

"అయ్యా," అంది చివరికి. "కలపకుండా... కాసిని నీళ్ళు ఇప్పిస్తారా?"

"కలపకుండానా? దేనితో?"

"ఉప్పునీళ్ళతో."

కొంగ ఎత్తిన కాలు కింద పెట్టింది. దాని రెండో కాలు కింద ఆనడం అంతవరకూ అక్కడెవరూ చూడలేదు. వెంటనే పక్కనున్న గుంటమీది తామరాకు తొలగించింది. లోపల వాననీళ్ళు. తేటగా, చల్లగా, కొంచెం ఆకు వాసనతో. చారలమ్మ దొప్పతో ముంచి చుక్క చుక్కగా పిల్ల నోట్లో పోసింది. ఒక దొప్ప అయ్యాక బుడమ గుటక వేసింది. రెండో దొప్పకు కళ్ళు తెరిచింది.

అప్పుడు గానీ కొంగకు సంగతి అర్థం కాలేదు.

"కలిపే అంటే కలగలిపేయడం కాదు తల్లీ," అంది. "నువ్వు గీకిన నాచు లేదూ, ఆ కష్టంలోనే ఇవన్నీ కలిసి ఉన్నాయని. ఎక్కిన రోజునుంచీ ఇవి నీవే."

చారలమ్మ తన అరిగిన గోళ్ళ వైపు చూసుకుంది.

కొంగ దగ్గరుండి తిప్పి చూపించింది. శంఖం ఊదితే తోక దగ్గర పంక్తి. చేపలు తినేవాళ్ళు ఒక వరస, గింజలు తినేవాళ్ళు ఇంకో వరస, మధ్యలో తడిక. గూడబాతుకు అవతల కూర్చున్నవన్నీ కుందేళ్ళే. డిప్ప నడిమి పందిట్లో పళ్ళూ పప్పులూ ఎప్పుడూ ఉంటాయి. ఆకలైనప్పుడు ఎవరికి వాళ్ళు తీసుకోవడమే. వాననీళ్ళూ కొబ్బరినీళ్ళూ ఎన్నిసార్లయినా తాగొచ్చు. మెడ దగ్గరి తేనెనీళ్ళు మాత్రం విడిగా. వాటికి పాట ఇవ్వాలి.

"అందరికీ ఒకటే మాట ఒప్పజెప్పి ఊరుకున్నాను. నాదీ తప్పే," అంది కొంగ.

గోరింక అంతా వింది. తన వాటా రేగుపళ్ళలో మెత్తటివి ఏరి బుడమ ముందు పెట్టింది.

ఇంకో రెండు దీవులు దాటేసరికి బుడమ లేచి తిరగసాగింది. ఒక సాయంత్రం తేనెనీళ్ళు కావాలంది. సముద్రం మీద ఎర్రటి వెలుగు పరుచుకుంటోంది. చారలమ్మ మెడ దగ్గరికి వెళ్ళింది. గూట్లో పాడే పాట మొదలుపెట్టింది. మధ్యలో ఒక చరణం తప్పింది. అయినా ఆపలేదు. తాబేలు ఈత నెమ్మదించింది. ఒక దీవి దగ్గరికి వచ్చి, విని, వెళ్ళిపోయినట్టనిపించింది.

బుడమ దొప్ప ఎత్తి తాగింది. మీసాలకు తేనె అంటుకుంది.

"నేనూ ఒకటి పాడనా?" అంది గోరింక.

"వద్దు తల్లీ, ఊరికే తాగు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళంతా.

బుడమ నవ్వింది.

మర్నాడు తాబేలు ఇంకో దీవి దగ్గర ఆగింది. డిప్ప అంచుల్లో మిగిలిన నాచు గీకి కొత్తవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో ఒక చుంచెలుక ఉంది. చంకలో చిన్న మూట, తోక పట్టుకుని పిల్ల. కొంగ ఈసారి విడమరిచి చెబుతూనే ఉంది. చుంచు అన్నిటికీ తల ఊపుతోంది. ఏమీ అడగడం లేదు. శంఖం ఊదగానే పిల్లను ఒక మూలకు తీసుకెళ్ళి మూట ముడి విప్పబోయింది.

ఆ తల ఊపడం చారలమ్మకు తెలుసు. లేచి వెళ్ళి పక్కన కూర్చుంది.

"వదినా, ఇవాళ శనివారం కాదు," అంది. "రా, చూపిస్తాను."

నీతి: తెలియని చోట నోరు తెరిచి అడగండి, మన బిడియానికి పిల్లల్ని దాహంతో ఉంచకూడదు. తెలిసినవాళ్ళయితే, అడిగేదాకా ఆగకండి.