వేలు మందం ఖాళీ

ఆదోనిలో రహమతుల్లా ఉస్తాదు దుకాణంలో ఓబులేశు పని నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో అతను విప్పని కంప్యూటరు లేదు, బిగించని స్క్రూ లేదు. అయినా ఇది ఓబులేశు కట్టిన పెట్టె అని ఒక్కటి కూడా గడప దాటి పోలేదు. అంతా అయ్యాక ఉస్తాదు వచ్చి మూత తీసి చూసేవాడు. ఏదో ఒక వైరును ఇంత పక్కకు జరిపి మళ్ళీ మూసేవాడు. ఆ ఒక్క వైరు దగ్గరే ఓబులేశు ప్రాణం ఉసూరుమనేది.

ఉస్తాదుకు డెబ్బై దగ్గర పడ్డాయి. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా నడిచొచ్చిన మనిషి. మాట తక్కువ. నవ్వితే మటుకు గడ్డం మొత్తం నవ్వుతుంది.

ఆ ఎండాకాలం ఏసుదాసు పని వచ్చినప్పుడు ఉస్తాదు చేతులు దులుపుకొని అన్నాడు. "ఇది మొత్తం నీదే. నేను మూత తీసి చూడను."

ఓబులేశుకు ఆ పూట అన్నం సయించలేదు, సంతోషంతో.

ఏసుదాసుకు పుట్టుకతో చూపు లేదు. తాలూకాఫీసు ఎదురుగా రేకుల బంకు ఆయనది. ఒకప్పుడు అది ఎస్టీడీ ఫోను బంకు. ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చేశాక ఆయన దిగాలుపడి కూర్చోలేదు, కంప్యూటరు నేర్చుకున్నాడు. జనం నోటితో చెప్పింది టకటకా టైపు చేస్తాడు. టైపు చేసింది కంప్యూటరు ఆడగొంతుతో చదివి వినిపిస్తుంది. అచ్చు కాగితం ఇస్తే అదీ చదివి పెడుతుంది. పింఛను ఆగిపోయినవాళ్ళు, గెట్టు తగాదాల వాళ్ళు, మొగుడు చేయి చేసుకున్నాడని చెప్పుకోలేక చెప్పుకునే ఆడవాళ్ళు, అందరి అర్జీలూ ఆ బంకులోనే పుట్టేవి. కళ్ళు లేనివాడికి చెప్పుకోవడం సులువని కూడా కొందరు వచ్చేవాళ్ళు.

పాత కంప్యూటరు ఎండకు మొరాయిస్తోంది. కొత్తది గట్టిదై ఉండాలి, కానీ బంకులో బల్ల కింద ఉన్న చిన్న అరలో పట్టాలి. అంటే రెండు ఇటుకలు పక్కపక్కన పడుకోబెట్టినంత పెట్టె. అందులో అన్నీ సర్దొచ్చు గానీ, కూలర్ దగ్గరే చిక్కంతా. కూలర్ అంటే గదిలో నీళ్ళు పోసి పెట్టుకునేది కాదు. ప్రాసెసర్ పని చేస్తూ కాగిపోతుంటే దాని నెత్తిన కూర్చొని ఆ వేడి లాగేసే రేకుల పీట, దాని మీద ఒక బుల్లి ఫ్యాను. మామూలు కూలర్లు ఎత్తుగా ఉంటాయి. ఈ పెట్టెకు పొట్టిది కావాలి.

ఎంత పొట్టిదో తేల్చడానికి ఉస్తాదుకు ఒక పద్ధతి ఉంది. ఇంటినుంచి నిమ్మకాయంత చపాతీ పిండి తెస్తాడు. దాన్ని పలచటి ప్లాస్టిక్ కవరులో చుట్టి ప్రాసెసర్ మీద నిలబెట్టి, మూత బిగించి, మళ్ళీ విప్పుతాడు. అణిగిన పిండి ఎంత ఎత్తుందో అంతే జాగా. మూత తీసి స్కేలు పెట్టి కొలిస్తే, మూత లోపలి వైపు ఉండే మడతలూ పట్టీలూ లెక్కలోకి రావు కదా. పక్క దుకాణం వాళ్ళు, ఏం ఉస్తాద్, కంప్యూటరుకు రొట్టెలు తినిపిస్తాండావా అని ఆటపట్టించేవాళ్ళు. కూర కూడా పెడతా, రండి అనేవాడు ఆయన.

ఓబులేశు పిండి పెట్టి కొలిచాడు. నలభై ఏడు మిల్లీమీటర్లు వచ్చింది.

కర్నూలు నుంచి రెండు కూలర్లు తెప్పించాడు. ఒకటి నలభై ఐదు, దట్టమైన రేకులు, మీద చిన్న ఫ్యాను, తిరిగితే గిర్రున తిరుగుతుంది. రెండోది ముప్పై ఏడు, పలచగా వెడల్పుగా ఉంది, ఫ్యాను కూడా పళ్ళెంలా వెడల్పు, నిదానంగా తిరిగే రకం. రెండూ బిగించి చూశాడు. మొదటిదానితో వేడి అరవై నాలుగు డిగ్రీలు దాటలేదు. రెండోదానితో డెబ్బై ఆరు చూపించింది.

ఓబులేశు ఎత్తుగా ఉన్నదాన్ని ఉస్తాదు ముందు పెట్టాడు. "ఇది పెడతా. రెండు మిల్లీమీటర్లే మిగుల్తుంది, సరిగ్గా సరిపోయింది. ఆ చిన్నదైతే పైన వేలు మందం జాగా ఊరికే పోతుంది."

"ఊరికే పోతుందంటావా?"

"పోదా మరి?"

ఉస్తాదు చిన్న కూలర్ చేతిలోకి తీసుకొని ఫ్యానును వేలితో తిప్పి, అది ఆగిందాకా చూశాడు. డెబ్బై ఆరంటే దానికి జ్వరమా అని అడిగాడు. జ్వరమేం కాదు, తొంభై దాకా ఓర్చుకుంటాది, కానీ ఆదోని ఎండ, రేకుల బంకు, తక్కువుంటే మేలు కదా అన్నాడు ఓబులేశు. అంకెలు తన పక్కనున్నాయి, గొంతులో ఆ ధీమా తెలుస్తోంది.

"పని నీది" అని ఉస్తాదు చిన్నదాన్ని సొరుగులో పెట్టేశాడు.

పెట్టె తయారైంది. దుకాణం ముందే బళ్ళారి రోడ్డు, రోజంతా లారీలు. ఆ హోరులో రెండు రోజులు నడిపి చూశాడు ఓబులేశు. ఒక్క పొరపాటు లేదు. ఉస్తాదు అన్నమాట ప్రకారం మూత తీయలేదు. ఓబులేశే మోసుకెళ్ళి బంకులో బల్ల కింద బిగించి వచ్చాడు. ఏసుదాసు పెట్టెను రెండు చేతులతో తడిమి, చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు. ఆ రాత్రి ఓబులేశు భార్య ఈశ్వరికి పెట్టె సంగతి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నట్టే ఊఁ కొట్టింది.

పదిహేను రోజులు గడిచాయి. ఒక పొద్దున హుసేన్‌బీ అనే పెద్దామె దుకాణానికి వచ్చింది. ఆమె అర్జీలన్నీ ఏసుదాసు దగ్గరే రాయించుకుంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఉస్తాదు పక్కకు వెళ్ళి గుసగుసగా ఏదో చెప్పింది. ఆయన కాగితం తీసుకొని, తనే రాయడం మొదలుపెట్టాడు.

ఓబులేశు ఊరుకోలేకపోయాడు. ఏసుదాసన్న దగ్గర కొత్త పెట్టె పెట్టుకొని ఉస్తాదుకెందుకమ్మా ఈ తిప్పలు అన్నాడు. హుసేన్‌బీ అతని వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుంది.

ఆమె వెళ్ళాక ఉస్తాదు కలం మూత పెట్టి అడిగాడు. "నీకేమన్నా అర్జీ ఉందా, ఓబులేశూ?"

ఓబులేశు ఉలిక్కిపడ్డాడు. ఉంది మరి. పదిరోజులుగా చొక్కా లోపలి జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఈశ్వరి చేతిరాత. బిడ్డను దత్తతకు ఇప్పించమని జిల్లా ఆఫీసుకు పెట్టుకునే అర్జీ. టైపు చేయించాలి, చేయించలేదు. ఉస్తాదుకు కూడా ఆ ముక్క చెప్పలేదు. అట్లాంటిది నోట్లోంచి రావాలంటే మొగవాడికి ఎంత బరువో చెప్పలేం.

"ఒకటుంది" అన్నాడు నేల చూస్తూ.

"పోయి ఏసుదాసు దగ్గర రాయించుకొని రా."

తను కట్టిన పెట్టె పనితనం తననే చూసి రమ్మంటున్నాడు కాబోలు అనుకున్నాడు ఓబులేశు. కాస్త ఉత్సాహం కూడా వచ్చింది.

బంకు దగ్గర వరసలో నలుగురే ఉన్నారు. ఎప్పుడు చూసినా పది పన్నెండు మంది ఉండే చోటు. నా పెట్టె స్పీడు అట్లుంది, జనానికి నిలబడే పనే లేకుండా పోయింది అని లోలోపల పొంగిపోయాడు. నలుగురూ మొగవాళ్ళే. ఆ సంగతి అతని కంట పడింది గానీ బుర్రకెక్కలేదు.

ముందున్న రైతు పొలం గొడవ చెప్పుకుంటే ఏసుదాసు టైపు చేశాడు. ఆడగొంతు సర్వే నంబర్లతో సహా ఖంగున చదివింది. వరసలోంచి ఎవరో, ఆ చేను నీది కాదు లేప్పా, మీ చిన్నాయనది, అన్నాడు. అందరూ నవ్వారు. ఓబులేశు కూడా నవ్వాడు.

అతని వంతు వచ్చింది.

"ఎవరూ, ఓబులేశా?" అన్నాడు ఏసుదాసు, పేరు చెప్పాక. "అడుగుల చప్పుడు ఈ మధ్య అందడం లేదప్పా నాకు. ఏమనుకోవద్దు."

ఓబులేశు తల కిటికీలోకి దూర్చి, కాగితం చూస్తూ మెల్లగా ఒక్కో వాక్యం చెప్పాడు. ఏసుదాసు మధ్య మధ్య ఆఁ, ఆఁ అని అడిగి, మళ్ళీ చెప్పించుకొని టైపు చేశాడు. చివర్లో ఒక మీట నొక్కాడు.

"మాకు పెండ్లయి తొమ్మిదేళ్ళయినది" అంది ఆడగొంతు. సర్వే నంబర్లు చదివిన గొంతే, అంత గట్టిగానూ. "నా భార్యకు మూడుసార్లు కడుపు నిలువలేదు. ఇక ప్రయత్నించవద్దని డాక్టరమ్మ చెప్పినారు."

వెనక నవ్వులు ఆగిపోయాయి.

"ఆపన్నా" అన్నాడు ఓబులేశు.

ఏసుదాసు తల వంచి గొంతునే వింటున్నాడు. ఆయనకు ఆ మాట వినపడలేదు.

"ఆడబిడ్డయినా, మగబిడ్డయినా, నల్లనిదైనా, మా ఇంటి దీపంగా..."

"ఆపన్నా" అని అరిచాడు ఓబులేశు ఈసారి. ఏసుదాసు కంగారుగా తడిమి మీట నొక్కాడు. గొంతు ఆగింది.

అప్పుడు వినిపించింది ఓబులేశుకు. రోడ్డు మీద లారీలు లేవు, ఇది సందు. బల్ల కింద తన ఫ్యాను కీచుమని ఒకటే కూత. మూతకు అంటుకునేంత దగ్గరగా ఉండి, గాలి అందక, గుక్కపెట్టి ఏడ్చే పిల్లలా అరుస్తోంది. ఆ కూతను మించి వినపడాలని, ఏసుదాసు సౌండు తిప్పే మీట ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి ఉంది.

పొలం రైతు చిన్నాయన సంగతి మరిచిపోయి, ఏ వీధప్పా మీది అని జాలిగా అడిగాడు. ఓబులేశు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎప్పటినుంచి ఇట్లా అరుస్తోంది, నాతో ఒక్కమాట అనొచ్చు కదా అని ఏసుదాసును అడిగాడు. మొదటినుంచీ అంతేనట. బలమైన పెట్టె కదా, అట్లనే అరుస్తాదేమో అనుకున్నాడట. నువ్వు అంత ప్రేమతో తెచ్చి పెడితివి, వంక పెట్టేదానికి నోరు రాలేదప్పా అన్నాడు. చెవిలో పెట్టుకునే వైరు ఉంది కదా అంటే తల అడ్డంగా ఊపాడు.

"చెవులు మూసుకుంటే ఎదురుగా ఉన్న మనిషి నాకు మాయమైపోతాడు, ఓబులేశూ." సౌండు మీట మీద చేయి పెట్టి అన్నాడు. "ఆడోళ్ళు రావడం తగ్గిపోయింది. ఎండకేమో."

ఓబులేశు దుకాణానికి తిరిగొచ్చేసరికి ఉస్తాదు స్టూలు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. ఇంకో గ్లాసు మూతపెట్టి ఉంది. ఓబులేశు కూర్చోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు టేబులు అంచు గోకాడు.

"ఉస్తాద్, నేను రాయించింది ఏమంటే..."

"నాకు చెప్పొద్దు, బేటా."

అంతే అన్నాడు. కోపం లేదు, జాలి కూడా లేదు. లేచి సొరుగు లాగి, చిన్న కూలర్ తీసి టీ గ్లాసు పక్కన పెట్టాడు. దాని మీద దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది.

ఓబులేశు కళ్ళు తుడుచుకొని టీ తాగాడు. చల్లారిపోయింది, అయినా తాగాడు.

మర్నాడు బంకు తెరిచే వేళకే వెళ్ళి, నేల మీద బాసింపట్టు వేసుకొని, అక్కడే పెట్టె విప్పాడు. పెద్దది తీసి, చిన్నది బిగించాడు. పైన వేలు మందం ఖాళీ. మూత వేసి, మీట నొక్కి లేచాడు.

ఏసుదాసు చెవి ఒగ్గి విని, ఇంకా ఆన్ చెయ్యలేదా అని అడిగాడు.

"చేసినానన్నా."

ఏసుదాసు నమ్మలేదు. వంగి మూత మీద అరచేయి పెట్టాడు. వెచ్చగా ఉంది. లేచి సౌండు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. ఆడగొంతు ఎవరో పక్కింటామె చెవిలో చెప్పినంత మెల్లగా పలకసాగింది. తెర మీద వేడి అంకె డెబ్బై ఏడు చూపించింది. ఓబులేశు దాన్ని చూశాడు, మళ్ళీ చూడలేదు.

ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు. "రంగమ్మవ్వ" అన్నాడు ఏసుదాసు తనలో తను, మొహం వెలిగిపోతూ.

ఓబులేశు అర్జీ కాగితం పట్టుకొని వంతు కోసం ఉండిపోయాడు. ముందు అవ్వకు చోటిచ్చాడు. ఆమె అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గరికి ఒదిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. రెండడుగుల దూరంలో ఉన్న ఓబులేశుకు ఒక్క ముక్క వినపడలేదు.

అతను సంచి భుజాన వేసుకొని, ఇంకో నాలుగడుగులు వెనక్కి నడిచి, ఎండలో నిలబడ్డాడు.