పచ్చగా ఉందన్న మాట

కొండల నడుమ ఒకానొక చిన్న రాజ్యాన్ని పురందరవర్మ ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. మంచి కబుర్లు తప్ప ఇంకేవీ చెవికెక్కేవి కావు, అంతే. అందుకని ఒక శాసనం చేశాడు: ఊరెలా ఉందని అడిగితే ఎవరైనా "పచ్చగా ఉంది" అనే చెప్పాలి. మాట పచ్చగా ఉంటే నేల దానంతటదే పచ్చబడుతుందట. ఎండిందన్న వాళ్లకు కారాగారం.

ఏనుగుశాలకు గడ్డి మోసే నాంచారమ్మకు నిజం గొంతు దాకా వచ్చి ఆగింది. వాళ్ల ఊరి కాలువను రాజోద్యానానికి మళ్లించి రెండు నెలలైంది. పొలాలు బీటలు వారాయి. గడ్డి కోసం కొండ దాకా నడవాల్సి వస్తోంది. ఇంకో పది రోజులు నీళ్లు రాకపోతే మిగిలిన కాస్త నారూ చచ్చిపోతుంది, ఆ ఏడు ఊరికి తిండి ఉండదు.

ఒకనాడు ఊళ్ల కబుర్లు వినడానికి అందరినీ పిలిపించిన నిండు సభలో రాజు అడగనే అడిగాడు. "మీ ఊరెలా ఉంది, నాంచారమ్మా?"

"పచ్చగా ఉంది ప్రభూ. ఎంత పచ్చగా అంటే, మీ ఏనుగు గజలక్ష్మికి నేను గడ్డి మోయడం దండగ. దాన్నే మా పొలాల్లోకి తోలించండి."

సభలోని మగవాళ్లందరూ ఒక్కసారే తలలూపారు. రాజు మురిసిపోయి, మర్నాడే తన ముద్దుల ఏనుగును పంపాడు.

గజలక్ష్మికి అక్కడ ఒక్క పరక దొరకలేదు. మధ్యాహ్నానికల్లా మావటి మాట వినకుండా తిరిగొచ్చి, రాజోద్యానంలో దూరి, సగం అరటితోట నమిలేసింది.

రాజు మంత్రితో సహా పరుగున వచ్చి నాంచారమ్మను పిలిపించాడు. "ఏమిటిది నాంచారమ్మా? పచ్చగా ఉందన్నావుగా?"

"చెప్పమన్నారు, చెప్పాను. దారంతా మావటీ చెప్పాడట. గజలక్ష్మే నమ్మలేదు."

"ఎందుకు నమ్మదు?"

"చెవులు అంతంత ఉన్నా, అది కడుపుతో వింటుంది ప్రభూ. మాలాగే."

మంత్రి కళ్లెర్రజేశాడు. "అంటే ఎండిందని చెబుతున్నావన్నమాట."

"నేననలేదు మంత్రిగారూ, ఏనుగు అంది. అది పట్టేంత కారాగారం కట్టించండి."

గజలక్ష్మి ఇంకో అరటిచెట్టు పీకింది. రాజు దాన్ని చూశాడు, నాంచారమ్మను చూశాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"నా రాజ్యంలో నిజం చెప్పే ఆడవాళ్లు ఇద్దరు దొరికారు. అందులో ఒకరు ఏనుగు. ఏం కావాలి నీకు, పట్టుచీరా?"

"చీర ఎక్కడికీ పోదు ప్రభూ. ముందు కాలువ."

ఆ సాయంత్రమే కాలువ తిరిగి ఊరివైపు మళ్లింది. నాలుగో రోజు రాజు స్వయంగా పొలం గట్టుకొచ్చాడు.

"ఇప్పుడైనా పచ్చగా ఉందనొచ్చా?"

మోకాలిలోతు మడిలో నాటు వేస్తూ నాంచారమ్మ నడుమెత్తింది. "బురదగా ఉంది ప్రభూ. నెలాగి అడగండి."

రాజు పకపకా నవ్వి, శాసనం రద్దని ఆ గట్టు మీదే చాటించి, పట్టుచీర ఆమె సద్దిమూట పక్కన పెట్టి వెళ్లాడు.