రాలిన పింఛం

అనగనగా ఒక అడవిలో, కొండమీది దర్గా కింద, నీలమయ్య అనే నెమలి ఉండేవాడు. మబ్బు పట్టిందంటే చాలు, పింఛం విప్పి ఆడేవాడు. కూతురు చుక్కి కళ్లార్పకుండా చూసేది.

ఏటా ఈకలు రాలేవి, మళ్లీ మొలిచేవి. ఓ ఏడు రాలాయి గానీ మొలవలేదు. ముసలితనం మరి!

తొలకరి మబ్బు రానే వచ్చింది.

"నాన్నా, ఆడవా?" అంది చుక్కి.

"దేంతో ఆడనే తల్లీ? నా అందం పోయింది. ఎక్కడున్నా వెతికి తెచ్చుకుంటా. అందాకా నా మొహం చూడకు" అని నీలమయ్య బయల్దేరాడు.

లకుముకి పిట్టని అడిగాడు. "నా నీలం నాకే చాలదు, పో!" అంది.

ఊసరవెల్లిని అడిగాడు. "ఇస్తాను గానీ, నా రంగు గడియసేపు కూడా నిలవదు మరి" అంది.

ఇక మిగిలింది దర్గా. గుమ్మంలో ముసలి మేక జైబూ నెమరు వేస్తోంది.

"ఏం మామా, తోకెక్కడ పారేసుకున్నావు?"

"నవ్వకే జైబూ. నా అందం కోసం అడవంతా తిరిగాను."

"అంతా తిరిగావు, లోపలికి మాత్రం రాలేదు. రా!"

లోపల ఫకీరు తాత పాడుతున్నాడు:

"రాల్చుకో మనసా, రాల్చుకో,
ఖాళీ అయిన చోటే ఆయన కూర్చుంటాడు."

ఒక తల్లి, ఏడుస్తున్న పసిపాపని తెచ్చింది. తాత నెమలీకల కట్టతో పాప తల నిమిరాడు. పాప ఏడుపు ఆపి నిద్రపోయింది. తర్వాత నీలమయ్య తలా నిమిరాడు. కట్టలో ఒక ఈక కన్ను చీలి ఉంది.

"ఇది నాదే! రేగుముల్లుకి చీరుకుంది!" అని నీలమయ్య ఎగిరిపడ్డాడు.

"అన్నీ నీవే" అంది జైబూ. "ఏటా తాత ఏరి కట్టుకుంటాడు. ఒంటిమీద ఉన్నన్నాళ్లూ అందరినీ నిన్ను చూడమన్నాయి. రాలాక ఎన్ని ఏడుపులు ఆపాయో!"

"మరి నాకేం మిగిలింది?"

"మబ్బు చూస్తే ఆడాలనిపించేది ఈకలకా, నీకా? నేను మేకని, నాకేం తెలుసు? నువ్వే చూసుకో."

నీలమయ్య కళ్లు మూసుకున్నాడు. బయట ఉరిమింది. అంతకుముందే తన లోపల ఏదో ఉరిమింది. ఒక్క పరుగున ఇంటికొచ్చి, జోరువానలో, ఖాళీ తోకతోనే ఆడాడు.

"ఒరేయ్, మోడు ఆడుతోందిరా!" అని కాకులు నవ్వాయి.

చుక్కి మాత్రం చప్పట్లు కొట్టినట్టు రెక్కలు ఆడించింది.

"నాన్నా! పింఛం అడ్డు లేదుగా, ఇవాళ నువ్వు కనబడుతున్నావు!"

నీతి: రాలిపోయేది అలంకారమే, మనం కాదు, మనల్ని మనం వెతుక్కోవాల్సింది లోపలే.